విత్తనం నుంచి విత్తనం దాకా: పెరట్లో హెయిర్లూమ్ టమాటా

టమాటా నారు ఏ తేదీన పోయాలి అని చాలామంది అడుగుతుంటారు. ఆ తేదీ నేను చెప్పలేను. మీ పెరట్లో ఉండే చలీ ఎండా చూసి మీరే తేల్చుకోవాలి. లెక్క ఎలా కట్టాలో మాత్రం చెప్పగలను. హెయిర్లూమ్ టమాటాకి విత్తనం వేసిన రోజు నుంచి ముందుకు లెక్కపెడితే దెబ్బతింటాం. పూత రావాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన ఈ పాత రకాలు పెరగడానికి పెద్దగా పేచీ పెట్టవు. పేచీ అంతా పూత దగ్గరే. పగలు 21–29 డిగ్రీలు, రాత్రి 15–20 డిగ్రీల సెల్సియస్ ఉంటే పువ్వు హాయిగా పిందె కడుతుంది. పగలు 35 దాటినా, రాత్రిళ్లు 24 కంటే కిందికి దిగకపోయినా పుప్పొడి చెడిపోతుంది. రాత్రి 13 కంటే తగ్గినా అదే కథ. పువ్వు కాడ ముడి దగ్గర పసుపెక్కుతుంది, మర్నాడు చూస్తే నేలమీద ఉంటుంది. మొక్క మాత్రం మనిషెత్తున, నిగనిగలాడుతూ ఉంటుంది. నా మొదటి ఏడాది తోట అచ్చంగా ఇదే: ఆకులు చూసి మెచ్చుకున్నవాళ్లు చాలామంది, కోసిన పళ్లు మూడు.

లెక్క ఇలా వేసుకోండి. విత్తనం పోసిన దగ్గర్నుంచి నారు నాటడానికి 6–8 వారాలు పడుతుంది. నాటాక మంచి పూత రావడానికి మరో 4–6 వారాలు. అంటే పూతకు అనువైన రోజులు మొదలవడానికి దాదాపు 12 వారాల ముందు విత్తనం మట్టిలో పడాలి. పువ్వు పిందె కట్టి, పండయ్యేసరికి ఇంకో 45–60 రోజులు. మంచు కురిసే చోట్ల ఇంత లెక్క అక్కర్లేదు. చివరి మంచుకి 6–8 వారాల ముందు ఇంట్లో నారు పోసుకుంటే పూత దానంతటదే మంచి కాలంలో పడుతుంది. ఎండలు ముదిరే చోట్ల ఈ లెక్క తప్పితే ఏడాది పోయినట్టే.

ఇంకో మెలిక ఉంది. విత్తనాల పొట్లం మీద '80 రోజులు' అని రాసి ఉంటే అది విత్తిన రోజు నుంచి కాదు, నారు నాటిన రోజు నుంచి.

ఏ విత్తనం కొనాలి

పొట్లం మీద 'ఎఫ్1' అని ఉంటే అది హైబ్రిడ్. కాపు బాగానే కాస్తుంది గానీ, దాని విత్తనం దాచి వేస్తే వచ్చే మొక్కలు తలా ఒక తీరుగా ఉంటాయి. హెయిర్లూమ్ రకం అలా కాదు, తల్లి ఎలా ఉంటే పిల్ల అలాగే వస్తుంది. టమాటా పువ్వులో కేసరాలన్నీ కలిసి చిన్న గొట్టంలా ఉంటాయి, పుప్పొడి అందుకునే కొస, అంటే కీలాగ్రం, ఆ గొట్టం లోపలే ఉండిపోతుంది. తన పుప్పొడి తన మీదే రాలుతుంది. అందుకే సామాన్య గృహస్థులు కూడా ఒక రకాన్ని పాడవకుండా ఇన్నేళ్లు కాపాడుకోగలిగారు.

పేరుకి మోసపోకండి. పచ్చ చారలుండే 'గ్రీన్ జీబ్రా'ని చాలామంది హెయిర్లూమ్ అంటారు. అది టామ్ వాగ్నర్ అనే ఆయన రూపొందించి 1983లో బయటపెట్టిన రకం. విత్తనం నిలకడగా వస్తుంది కాబట్టి పెంచుకోవడానికి అభ్యంతరం లేదు, పాతది అనుకోకపోతే చాలు.

మొదటిసారి వేసేవాళ్లు కేవలం పెద్దకాయ రకాల మీదే ఆశ పెట్టుకోవద్దు. 'బ్రాండీవైన్' రుచికి పేరుమోసిందే, కానీ నాటాక 80–90 రోజులు తీసుకుంటుంది, కాపు తక్కువ, వేడిని అసలు ఓర్చుకోదు. ముదురు ఊదా రంగు 'చెరోకీ పర్పుల్' పెట్టే పేచీ దానికంటే కాస్త తక్కువ. గుజ్జు కోసమైతే ఇటలీ రకం 'సాన్ మార్జానో' ఉంది, పొడుగ్గా, గింజ తక్కువగా ఉంటుంది. వీటికి తోడు ఏదో ఒక చెర్రీ రకం తప్పకుండా వేయండి. చిన్నకాయ రకాలు వేడిలోనూ చలిలోనూ పిందె కడతాయి, 60–65 రోజుల్లో చేతికొస్తాయి. పెద్దవి మొండికేసిన ఏడాది మీ మనసు నిలబెట్టేవి అవే.

ఈ పాత రకాల పళ్లకి తొడిమ దగ్గర ఆకుపచ్చ భుజాలు కనిపిస్తే పండలేదని విసుక్కోకండి. అందంగా, అంతా ఒకే ఎరుపులో పండాలని గత శతాబ్దంలో ఎంపిక చేస్తూ పోయినప్పుడు ఒక జన్యువు పనిచేయకుండా పోయింది. కాయలో ఎండతో చక్కెర తయారుచేసే హరితరేణువులు బాగా ఏర్పడడానికి, దాంతో చక్కెర చేరడానికి ఆ జన్యువే సాయపడేదని 2012లో పరిశోధకులు తేల్చారు. ఆ పచ్చ భుజాల్లో కొంత తీపి దాగి ఉంది.

నారు పోయడం

మట్టి తోటలోంచి తవ్వి తెచ్చి ట్రేలో నింపకండి. అది గట్టిపడుతుంది, తెగుళ్లనూ మోసుకొస్తుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, బాగా జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) గానీ ముతక ఇసుక గానీ ఒక పాలు కలిపితే సరిపోతుంది. నీళ్లు చల్లి కలిపాక గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు.

గింజని అర సెంటీమీటరు లోతున పెట్టి, పైన పలచగా కప్పండి. ఒక్కో గుంతలో రెండు గింజలు. రకం పేరు, తేదీ రాసిన చీటీ అప్పుడే గుచ్చండి. తర్వాత గుర్తుంటుందిలే అనుకుంటారు, గుర్తుండదు. నారు దశలో టమాటాలన్నీ ఒకే పోలిక.

మొలకెత్తడానికి కావాల్సింది వెలుగు కాదు, వెచ్చదనం. మట్టి 25–27 డిగ్రీల దగ్గర ఉంటే 5–10 రోజుల్లో తల ఎత్తుతాయి. 10 డిగ్రీల దగ్గరైతే నెల దాటినా రాకపోవచ్చు. ట్రే మీద పలచటి ప్లాస్టిక్ కప్పు వేస్తే తేమ నిలుస్తుంది. మొదటి మొలక కనపడగానే ఆ కప్పు తీసేయాలి, మిగతావి ఇంకా రాలేదే అని ఆగొద్దు.

అక్కణ్ణుంచి వెలుగు ముఖ్యం. మొలకలు కిటికీ దగ్గర ఒక పక్కకి వాలి, సన్నగా సాగిపోతున్నాయంటే వెలుతురు చాలట్లేదని. రోజుకి 14–16 గంటల వెలుతురు కావాలి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులైనా పనికొస్తాయి. వాటిని మొక్కలకి 5–8 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీసి, మొక్క పెరిగేకొద్దీ పైకి జరుపుతూ ఉండాలి. ఆరుబయట పెంచుకోగల వాతావరణం ఉంటే ఇదంతా అనవసరం. ఉదయపు ఎండ తగిలే చోట పెడితే చాలు.

ఈ దశలో ప్రాణం తీసేది నారుకుళ్లు. నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మట్టి అంచు దగ్గర నూలుపోగులా సన్నబడి పడిపోయి ఉంటుంది. దానికి మందు లేదు, పడింది మళ్లీ లేవదు. రాకుండా చూసుకోవడమే. ట్రేలు వేడినీళ్లతో కడిగి వాడండి. నీళ్లు పైనుంచి పోయకుండా ట్రేని అరగంట నీళ్ల పళ్లెంలో ఉంచి కిందనుంచి పీల్చుకోనివ్వండి. పైపొర ఆరాకే మళ్లీ తడపండి. చిన్న ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే ఇంకా మంచిది. గాలికి ఊగిన కాండం లావెక్కుతుంది కూడా.

ముందు వచ్చే రెండు నున్నటి ఆకులు బీజదళాలు. వాటి తర్వాత అసలు ఆకులు రెండు జతలు వచ్చాక మొక్కని 10 సెంటీమీటర్ల కుండీలోకి మార్చాలి. పట్టుకునేటప్పుడు ఆకు పట్టుకోండి, కాండం కాదు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. బీజదళాల దాకా మట్టిలో దించేయండి. మిరపకో వంకాయకో ఇలా చేయడానికి జంకుతాం గానీ, టమాటా పద్ధతి వేరు. మట్టి తగిలిన చోటల్లా కాండం కొత్త వేళ్లు తొడుగుతుంది. సాగిపోయిన నారుని బాగుచేసుకునే దారి కూడా ఇదే.

రెండు మొలకల్లో ఒకదాన్ని తీసేయాల్సి వచ్చినప్పుడు పీకకండి, కత్తెరతో కత్తిరించండి. పీకితే పక్కదాని వేళ్లు కదులుతాయి.

ఎండకి అలవాటు చేయడం

లోపల పెరిగిన మొక్కని తిన్నగా ఎండలో పెడితే ఆకులు కాగితంలా తెల్లబడిపోతాయి. వారం నుంచి పది రోజులు తీసుకోండి. మొదటిరోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, తర్వాత ఉదయపు ఎండ కాస్త, అలా పెంచుతూ పోవాలి. చివరి రెండు రోజులూ రాత్రి కూడా బయటే వదిలేయవచ్చు. విసుగు పుట్టించే పనే, కానీ తప్పించుకునే దారి నాకైతే దొరకలేదు.

నేలలో నాటడం

రోజుకి కనీసం 6 గంటలు, కుదిరితే 8 గంటలు నేరుగా ఎండ పడే చోటు చూసుకోండి. గత రెండు మూడేళ్లలో టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప వేసిన చోటు అయితే మార్చండి. నాలుగూ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు ఇంకోదానికి అంటుకుంటుంది. నేల ఉదజని సూచిక (pH) 6.2–6.8 మధ్య ఉంటే బాగుంటుంది. 5 సెంటీమీటర్ల మందాన మాగిన కంపోస్టు పరిచి నేలలో కలిపేయండి. పచ్చి పశువుల ఎరువు, యూరియా జోలికి వెళ్లొద్దు. నత్రజని ఎక్కువైతే మొక్క అంతా ఆకే అవుతుంది.

నాటేటప్పుడు కింది ఆకులు తుంచేసి, కాండం మూడింట రెండొంతులు మట్టిలో పోయేలా పెట్టండి. లోతుగా తవ్వడం కుదరకపోతే చిన్న చాలు తీసి మొక్కని పక్కకి పడుకోబెట్టి, తల మాత్రం పైకి తిప్పి కప్పేయండి. రెండు రోజుల్లో అదే నిటారవుతుంది. మొక్కకీ మొక్కకీ 60–90 సెంటీమీటర్లు వదలండి. చిన్న నారు చూసినప్పుడు ఇంత దూరం ఎందుకనిపిస్తుంది, రెండు నెలల తర్వాత మధ్యలో నడవలేరు.

ఊతకర్ర ఆ రోజే పాతాలి. తర్వాత పాతితే వేళ్లు తెగుతాయి. పాత రకాల్లో ఎక్కువ శాతం తీగ రకాలే, మంచు గానీ తెగులు గానీ ఆపేదాకా పెరుగుతూనే ఉంటాయి. భూమ్మీద 1.8 మీటర్లు కనిపించే బలమైన కర్ర కావాలి, అర మీటరు లోపల ఉండాలి. అరకిలో దాకా తూగే కాయలు నాలుగు ఒకే గెలకి వేలాడితే సన్నటి వెదురు బద్ద వంగిపోతుంది. కట్టేటప్పుడు పాత గుడ్డ పీలికలతో ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా కట్టండి.

కుండీలో పెంచేవాళ్లు తీగ రకానికి 40 లీటర్లకి తగ్గకుండా తీసుకోవాలి. చిన్న బకెట్లో పెద్దకాయ రకం బతుకుతుంది, కాయదు.

నీళ్లు

అధికభాగం తంటాలకి మూలం ఇక్కడే ఉంది, అందుకే కాస్త ఆగి చెబుతాను. కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిపోయిన మచ్చ చూసి కాల్షియం లోపమని గుడ్డుపెంకులు చల్లేవాళ్లు ఉన్నారు. పెంకు నేలలో కరగడానికి చాలాకాలం పడుతుంది. పైగా నేలలో కాల్షియం సాధారణంగా సరిపడా ఉంటుంది. అది కాయ కొసదాకా చేరాలంటే నీటితో పాటే ప్రయాణించాలి. నాలుగు రోజులు బెట్టకి గురిచేసి, ఐదోరోజు వరద పారిస్తే ఆ ప్రయాణం తెగిపోతుంది. 'సాన్ మార్జానో' లాంటి పొడుగు రకాలకి ఇది ఎక్కువ. పళ్లు పగలడానికీ కారణం అదే: ఎండిన నేలకి ఒక్కసారిగా నీళ్లందితే లోపల గుజ్జు ఉబ్బుతుంది, తొక్క సాగలేక చీలుతుంది. పాత రకాల తొక్క పలచన, అందుకే ఇవి ముందు పగులుతాయి.

వారానికి మొత్తం 2.5–4 సెంటీమీటర్ల వాన కురిసినంత నీరు, రెండు మూడు విడతలుగా, లోతుకి దిగేలా ఇవ్వండి. ముదిరిన ఎండల్లో ఇంకాస్త. వేలు 5 సెంటీమీటర్లు గుచ్చి చూస్తే తడి తగలాలి. కుండీలకైతే రోజూ, ఒక్కోసారి రెండు పూటలా తప్పదు. మొదలు చుట్టూ 5–8 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరిచి, కాండానికి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. నీరు ఎప్పుడూ మొదట్లోనే, ఆకుల మీద పడకూడదు.

కొమ్మలు, పూత

ఆకుకీ కాండానికీ మధ్య చంకలో వచ్చే పిలకల్ని గిల్లేయాలా వద్దా అన్నదాని మీద తోటపనివాళ్లు ఎప్పటికీ ఒక మాట మీదికి రారు. నా పద్ధతి: మొదటి పూగెల కింద వచ్చేవన్నీ తీసేస్తాను, పైన ఒకటో రెండో ఉంచుతాను. గట్టి ఎండలుండే చోట అన్నీ గిల్లితే కాయలకి నీడ పోయి తెల్లటి ఎండ మచ్చలు పడతాయి. పొట్టి రకమైతే అసలు గిల్లొద్దు, గిల్లితే కాపే పోతుంది.

పూత వచ్చినప్పుడు గాలి ఆడని చోటైతే ఉదయం పది గంటల ప్రాంతంలో పూగెలని వేలితో రెండుసార్లు చిటికేయండి. టమాటా పుప్పొడి అదిరితేనే రాలుతుంది. బొంత తుమ్మెదలు (బంబుల్‌బీలు), వడ్రంగి తుమ్మెదలు పువ్వుని పట్టుకుని రెక్కల కండరాలు వణికించి దాన్ని రాలుస్తాయి. తేనెటీగకి ఆ విద్య రాదు. కరెంటు టూత్‌బ్రష్ వెనకవైపు పూకాడకి ఆనిస్తే తుమ్మెద పని అదే చేస్తుంది.

పిందె కట్టాక కంపోస్టు ఒక దోసెడు మొదట్లో వేయండి, మూడు వారాలకోసారి.

తెగుళ్లు

హైబ్రిడ్లకి ఉన్నంత తెగులు నిరోధకత వీటికి లేదు, ఇది ముందే ఒప్పేసుకుని దిగాలి. కింది ఆకుల మీద చెట్టు అడ్డుకోతలోని వలయాల్లాంటి గోధుమ మచ్చలు వస్తే అది ఆకుమాడు. మొదటి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఆకులన్నీ ముందే తీసేస్తే మట్టి చిందులతో పైకెక్కే తెగులు చాలావరకు ఆగుతుంది. చల్లటి, ముసురు వాతావరణంలో నీటిలో నానినట్టు పెద్ద మచ్చలు వచ్చి మొక్క మూడు నాలుగు రోజుల్లో కుప్పకూలితే అది లేట్ బ్లైట్. 1845లో ఐర్లండ్ బంగాళాదుంపని తుడిచిపెట్టింది అదే శిలీంధ్రం లాంటి జీవి. మొక్కని పీకి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, ఎదుగుదల ఆగితే తెల్లదోమ మోసుకొచ్చిన ఆకుముడత వైరస్ అని అనుమానించాలి. దానికీ పీకడమే. పసుపు జిగురు అట్టలు, వేప నూనె పిచికారీ తెల్లదోమని తగ్గిస్తాయి. కాయతొలుచు పురుగుని చేత్తో ఏరేయడం కంటే మంచి ఉపాయం చిన్న తోటకి లేదు.

కోత

పూర్తిగా పండేదాకా తీగమీదే ఉంచాల్సిన పనిలేదు. అడుగున రంగు తిరగడం మొదలైందంటే కాయకి కావాల్సినవి దాదాపు అందినట్టే. అప్పుడే కోసి ఇంట్లో నీడపట్టున పెడితే పక్షులూ, పగుళ్లూ తప్పుతాయి. 30 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు కాబట్టి, ఎండాకాలంలో లోపల పండిన కాయే మంచి రంగు తేలుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి వాసననిచ్చే పదార్థాలు తయారుచేసే జన్యువులు నిద్రపోతాయని, బయటికి తీసినా రుచి పూర్తిగా తిరిగి రాదని 2016లో తేలింది.

విత్తనం దాచడం

విత్తనానికి కాయని చూసి ఎంచుకుంటారు చాలామంది. మొక్కని చూసి ఎంచుకోండి. ఒక పెద్ద కాయ కాసి తెగులుతో చచ్చిన మొక్క కంటే, మీ ఎండకి తట్టుకుని చివరిదాకా కాసిన మొక్క విత్తనం మేలు. అమెరికాలోని పశ్చిమ వర్జీనియాలో బైల్స్ అనే రేడియేటర్ మెకానిక్ ఒక మంచి మొక్కని మధ్యలో పెట్టి, చుట్టూ ఉన్న పెద్దకాయ రకాల పుప్పొడి దానికి అద్ది, ఏటా మంచి మొక్కల విత్తనమే ఏరుకుంటూ కొత్త రకం స్థిరపరిచాడు. దాని నారు మొక్క ఒక్కోటి డాలరుకి అమ్మి ఇంటి అప్పు తీర్చేశాడట, అందుకే దానికి 'మార్ట్‌గేజ్ లిఫ్టర్', అంటే ఇంటి అప్పు తీర్చేది, అని పేరు.

రెండు మూడు రకాలు పక్కపక్కన ఉంటే 3–6 మీటర్ల ఎడం చాలావరకు సరిపోతుంది. ఖాయంగా కావాలంటే ఇంకా విచ్చుకోని పూగెలకి పలచటి నెట్ సంచి కట్టి, రోజూ కాస్త అదిలించి, పిందె పడ్డాక సంచి తీసి ఆ కాడకి రంగు దారం కట్టండి. 'బ్రాండీవైన్' లాంటి, బంగాళాదుంప ఆకు పోలిక ఉన్న రకాలకి ఇది తప్పక చేయాలి. వీటిలో చాలావాటికి కీలాగ్రం గొట్టం బయటికి పొడుచుకొస్తుంది, పరాయి పుప్పొడి సులువుగా పడుతుంది.

బాగా మిగలపండిన కాయని అడ్డంగా కోసి, గింజల్ని జిగురుతో సహా గాజు గ్లాసులోకి పిండండి. ఆ జిగురులోనే మొలకెత్తకుండా ఆపే గుణం ఉంది, లేకపోతే గింజలు కాయలోనే మొలిచేవి. రెండు చెంచాల నీళ్లు కలిపి, పలచటి గుడ్డ కప్పి, రెండు మూడు రోజులు పులియనివ్వండి. పైన తెల్లటి బూజు తెట్టె కడుతుంది, వాసన భరించలేరు, అందుకే వసారాలో పెట్టుకోండి. రోజుకోసారి కలపాలి. నాలుగోరోజు దాటనిస్తే గ్లాసులోనే మొలకలొస్తాయి. తర్వాత నీళ్లు నింపి కదిపితే గట్టి గింజలు అడుగుకి చేరతాయి, తాలు గింజలూ బూజూ తేలతాయి. తేలినవి వంపేసి, నీళ్లు తేరేదాకా కడిగి, పింగాణీ పళ్లెంలో పలచగా పరిచి నీడలో వారం ఆరబెట్టండి. కాగితం మీద పోస్తే అతుక్కుని ఊడి రావు.

గింజ వంచితే విరిగేంత ఎండాక కాగితపు కవరులో పోసి, రకం పేరూ ఏడాదీ రాసి, గాలి చొరబడని సీసాలో చల్లటి చోట పెట్టండి. నాలుగైదేళ్లు బాగా మొలుస్తాయి. వచ్చే కాలానికి నారు పోసే మూడు వారాల ముందు పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి చూడండి. ఏడు మొలిస్తే గుంతకి రెండు చొప్పున, నాలుగే మొలిస్తే నాలుగు చొప్పున వేసుకోవాలి. బంగాళాదుంప ఆకు రకం విత్తనం నుంచి మామూలు రంపపు అంచు ఆకులతో మొక్క వచ్చిందంటే ఎక్కడో తుమ్మెద చొరబడిందన్నమాట. దాన్ని విత్తనానికి ఉంచకండి. నేనైతే పీకను, ఒక మూల వేరే పేరు పెట్టి నాటుకుంటాను, ఏం కాస్తుందో చూద్దామని.